ఆవిరి రైలింజనుకి నల్ల పట్టీ

చిన్నప్పుడు మీకు అంటించిన వెక్కిరింపు పేరుతో ఇప్పుడెవరైనా పిలిస్తే, మీరు నవ్వి ఊరుకోగలరా? నిజం చెప్పండి. నేను ఊరుకోలేను.

మా చిన్నప్పుడు... అనకాపల్లిలో మా మేనమామకి లేతు షాపు ఉండేది. చెరకు గానుగలు బాగుచేసేవాడు. గానుగాట అయిపోయి చేతిలో పనిలేని ఒక వేసవిలో, బొగ్గుతో నిజంగా నడిచే బుల్లి ఆవిరి రైలింజను చేస్తానని కూర్చున్నాడు.

దానికి ముందు కావలసింది ఫ్రేము... రెండు పొడవాటి ఇనుప పట్టీలు. ఇరుసులు కూర్చోడానికి వాటి కింది అంచులో గాట్లు కోయాలి. మామయ్య నన్నూ, తన కొడుకునీ పిలిచాడు. ఆ కొడుకు నాకు బావ. ఇనుము మీరే ఏరుకుని చెరో పట్టీ కోయండి, ఎవరిది తిన్నగా నిలిస్తే ఆ ఇనుముతోనే ఫ్రేము, ఇంజను మీద వాళ్ళ పేరు అన్నాడు.

పేరు... నాకు కావలసింది అదే. రాహేలు అని పెట్టారు గానీ ఒక్కరూ అలా పిలవలేదు. నా రంగు చూసి ఇంటిల్లిపాదికీ నేను మసిగుడ్డని. పొయ్యి మీది గిన్నె దింపే గుడ్డ. ఆ పేరు మొదలుపెట్టింది బావే.

ఇనుప కొట్లో బావ అద్దంలా మెరిసే పట్టీ అందుకున్నాడు. మూలన, బెల్లం పెనాలు చేసే నల్ల ప్లేటులోంచి కోసిన పట్టీలున్నాయి. "ఒలే మసిగుడ్డా, అదిగో నీ సుట్టం. పలకరించవేటి?" అన్నాడు. కొట్లో వాళ్ళంతా నవ్వారు.

నల్లదే తీసుకున్నాను. ఇనుము గురించి నాకేం తెలియదు... పంతం తెలుసు. కోస్తున్నంతసేపూ ఒకటే ప్రార్థన. ప్రభువా, వాడిది వంకర పోవాలి.

పోయింది. గాట్లు కోసి బల్ల మీద పెడితే బావ పట్టీ కొడవలిలా వంగి ఉంది. నాది బల్లకి అతుక్కున్నట్టు కూర్చుంది.

మామయ్య రెండూ తిప్పి చూశాడు. "నల్లదాన్ని ఎర్రగా కాలినప్పుడు సాగదీత్తారు. మెరిసేదాన్ని సల్లగా ఉన్నప్పుడు నొక్కి నొక్కి తీత్తారు. ఆ నొక్కుడంతా దాని కడుపులోనే ఉండిపోద్ది. ఓ పక్క కోసేవనుకో, బయటపడిపోద్ది."

బావ ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఫ్రేము మీద నా పేరు నేనే అక్షరం అక్షరం చెక్కి, వాడిచేత పైకి చదివించాను... వాడి గొంతు బొంగురుపోయేదాకా.

పగ తీర్చే పని దేవుడిదని వాక్యం చెబుతుంది. ఊరూరా తిరిగి దాన్ని బోధించేది నేనే. అయినా ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది. నల్ల పట్టీ లోపల ఏమీ దాచుకోదట... నేను దాచుకున్నాను. ఆ లెక్కన మెరిసే పట్టీని నేనే.

ఆ లేతు షాపు పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. గానుగల చప్పుడూ తగ్గింది... మారనిది మన నోరే. మొన్న మునగపాకలో నేను బోధించిన ప్రార్థన కూడిక ముగుస్తుండగా, తల నెరిసిన అదే బావ తన మనవరాలిని "ఒలే మసిగుడ్డా, సెప్పులట్రా" అన్నాడు. పిల్ల నవ్వింది. అది ఏ నవ్వో నాకు తెలుసు.

మైకు నా చేతిలోనే ఉంది. "బావా, ఆ పిల్లకి పేరుంది. ఇందులో సెప్పు, అందరూ ఇనాల" అని వాడి నోటి దగ్గర పెట్టాను. చెప్పేదాకా ఆఖరి ప్రార్థన చేయలేదు.

అలాంటి పేరు మోసినవాళ్ళు మీరైతే, మీ అసలు పేరు ఇక్కడ కింద రాయండి. మీ ఇంట్లో ఇప్పుడు మోస్తున్న పిల్ల ఉంటే... ఆదివారం దాకా ఆగకండి. ఫోను పక్కన పెట్టి, ఇప్పుడే లేచి వెళ్ళి, ఆ పిల్లని పేరు పెట్టి పిలవండి.