మగ్గం మీద నాన్న వేషం

నటన నేర్పడానికి కూడా యూనివర్సిటీ ఉంటుందంటే మా గద్వాలలో ఎవరూ నమ్మరు. "టీవీల ఎప్పుడు కనవడ్తవే?" అని పక్కింటి అత్త ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. సీటు వచ్చిందని చెప్పిన రోజు నాన్న మగ్గం మీదనుంచి తల ఎత్తలేదు. ఔననలేదు, కాదనలేదు. మర్నాడు అమ్మే పొమ్మంది. నేను హైదరాబాదు హాస్టల్లో చేరిన కొన్నాళ్లకే గుండె ఆగి నాన్న పోయాడు. నా చదువు ఆయనకు ఇష్టమో కాదో నాకు తెలియలేదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ, నేను పెట్టుకున్నాను.

రెండో ఏడాది మా సారు ఒక పని ఇచ్చారు. బాగా ఎరిగిన మనిషి ఒకరిని మాటల్లేకుండా ఆడి చూపాలి. నేను నాన్నను ఎంచుకున్నాను. మగ్గం గుంటలోకి కాళ్లు దించినట్టు వేదిక అంచున కూర్చున్నాను. పోగు చుట్టిన నాడె చేతిలో ఉన్నట్టు విసిరాను, ఆగాను. మళ్లీ విసిరాను, ఆగాను. సారుకు విసుగొచ్చింది.

"ప్రతిసారీ ఎందుకమ్మా ఆగుతావు? ఎవరికోసం చూస్తున్నావు?"

అప్పుడు తట్టింది. మా గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగుపోగునా కలపాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. నాన్న పక్కన అమ్మ కూర్చునేది. ఆయన గొంతులోనే ఊఁ అనేవాడు, అమ్మ అంచు నాడె తోసేది. ఒంటరిగా నేసే నాన్నను నేనెన్నడూ చూడలేదు, ఇక ఎలా ఆడను?

ఆ ఆగుడు తీసెయ్యమన్నారు సారు. నా వల్ల కాలేదు. నాన్నను ఒంట్లోకి పిలవడం తెలిసింది గానీ పంపెయ్యడం తెలియలేదు నాకు. మెస్సులో అన్నం కలుపుతూ ఊఁ అనేదాన్ని. బస్సులో కునుకు నుంచి లేచేసరికి చెయ్యి పక్కసీటు మీదికి చాచి ఉండేది. అద్దంలో చూసుకుంటే ఎడమ భుజం కిందికి వాలి, అచ్చం ఆయనే. నిజం చెబుతున్నాను, భయమేసేది.

సెలవులకు ఇంటికి వెళ్లాను. నాన్న పోయాక అమ్మ మగ్గం దగ్గరికి పోలేదు. ఒక పొద్దున అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పరీక్షకు సాధన చేద్దామని నేను గుంటలోకి కాళ్లు దించాను. ఉత్త చెయ్యే విసిరాను. ఊఁ అన్నాను. ఆగాను.

అమ్మ లేచి వచ్చి నా పక్కన, తన చోట కూర్చుంది. లేని నాడెను తోసింది. నేను విసిరాను, తను తోసింది. చాలాసేపు అలాగే నేశాం. ఆపబుద్ధి కాలేదు.

అప్పుడు అమ్మ నా చేతులకేసే చూస్తూ అడిగింది.

"ఏమయ్యా, పిల్ల యాక్టింగు సదువుకు పోతనంటుంది. పంపుదమా, వద్దా? ఏదో ఒకటి చెప్పరాదు."

ఆయన కూర్చునే తీరు, దగ్గు, చేతులు, అన్నీ నాకు వచ్చు. ఈ జవాబు ఒక్కటే రాదు. ఔనంటే అది నా ఆశ, కాదంటే నా భయం. ఏడుపు ముంచుకొస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

అమ్మ తల తిప్పి నా ముఖం చూసింది.

"అప్పుడు గూడ గిట్లనే ఊకున్నవ్," అంది. "గిట్లనే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నవ్. గందుకే నేను పిల్లను పొమ్మన్న."