ఇంగ్లీషులో చనిపోయిన చిన్నబాపు

ఐర్లండ్‌లో లా చదవడానికి వెళ్లిన మొదటి ఏడాది, సాక్ష్య చట్టం తరగతిలో మా ప్రొఫెసర్ ఒక వాదన పోటీ పెట్టింది. ఏడేళ్లుగా ఎవరికీ కనబడని, కబురు తెలియని మనిషిని చట్టం చనిపోయినట్టే భావిస్తుంది. అలాంటి ఒక కల్పిత మనిషి చనిపోయాడని నేను వాదించాలి. బతికే ఉన్నాడని కెన్యా నుంచి వచ్చిన అమ్మాయి వాదించాలి.

నర్మెట్టలో తెలుగు మీడియంలో చదివినదాన్ని. ప్రతి వాక్యం ముందు తెలుగులో అనుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకునేదాన్ని. ఆ రోజు మాత్రం మాటలు నేరుగా ఇంగ్లీషులోనే వచ్చాయి. ముఖం లేని మనిషి గురించి ఎట్లా మాట్లాడాలో తెలియక, ఆ మనిషికి మా చిన్నబాపు ముఖం పెట్టుకున్నాను. చిన్నబాపు అంటే నాయిన తమ్ముడు. బోరు బండి మీద పనికని మహారాష్ట్ర వైపు వెళ్లి, మళ్లీ రాలేదు. ఆయన ఫోను మూగబోయి ఏడేళ్లు దాటింది. అయినా ఇంట్లో అందరం 'ఆయన వచ్చినంక చూద్దాం' అనే అనేవాళ్లం. తెలుగులో నా నోట ఎన్నడూ రాని మాట ఆ రోజు తడబాటు లేకుండా వచ్చేసింది. "హి ఈజ్ డెడ్" అన్నాను, ఒకటికి రెండుసార్లు. ప్రొఫెసర్ నా వైపే తీర్పు చెప్పింది.

బయటికొస్తుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది, చిన్నబాపు భార్య. మాకు పొద్దున, వాళ్లకు మధ్యాహ్నం దాటింది. ఆమె తనంతట తాను ఎప్పుడూ చేయదు.

"బిడ్డా, గిప్పుడే తిని జర ఒరిగిన. కునుకు పట్టింది. మీ చిన్నబాపు వచ్చి వాకిట్ల నిలవడ్డడు."

"కలొచ్చిందా చిన్నమ్మా?"

"కలనో ఏందో. లోపలికి రా అంటె రాడు. రావచ్చునో లేదో ఆ పిల్లను అడుగుమన్నడు."

"ఏ పిల్లను?"

"నిన్నే."

మెట్ల మీద అట్లాగే కూర్చుండిపోయాను. తరగతి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. "రమ్మను చిన్నమ్మా" అన్నాను. ఆమె ముఖం అటు తిప్పినట్టుంది, గొంతు దూరమైంది. "రమ్మంటున్నది" అని ఎవరితోనో చెప్పడం వినిపించింది. వాకిలి దాకా పోయి వచ్చినట్టుంది. "ఎవల్లేరు బిడ్డా" అని పెట్టేసింది.

ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. పొలం చిన్నమ్మ పేరు మీదికి మారాలంటే జనగామ కోర్టులో చిన్నబాపు చనిపోయినట్టు తేల్చుకోవాలని నాయిన ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఆమె ఒప్పుకోవడం లేదు. ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తుంటే ఉన్నట్టుండి అడిగింది.

"నేను ఫోన్ జేసిన్నాడు, నువ్వు ఆడ ఏం మాట్లాడినవు?"

దాచకుండా అంతా చెప్పాను.

"ఆ భాషలనే అను. ఒక్కసారి."

అన్నాను. ఈసారి తడబడ్డాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను ఆపగానే నా భుజం పక్కకు చూసి, "ఇన్నవా?" అంది. నన్ను కాదు.

మరుసటి వారం తనే జనగామ పోదాం పదమంది. వకీలు చూపిన చోటల్లా సంతకం పెట్టింది. తిరిగి వస్తుంటే బస్సు సగం ఖాళీగా ఉంది. కిటికీలోంచి పత్తి చేలకు దున్నిపెట్టిన దుక్కులు చూస్తూ, "ఇగ వాకిట్లకు వస్తలేడు బిడ్డా" అంది తేలిగ్గా.

మా పక్క సీటులో ఎవరూ లేరు. అయినా ఊరొచ్చేదాకా సంచి అక్కడ పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకున్నాను.