సందు చివరి తిన్నె మీద సుద్దగీత

మదనపల్లెలో మా సందు చివరి ఇంటి టీచరమ్మ మంగళవారం తెల్లవారుజామున పోయారు. కొన్ని వారాలుగా కాళ్ళవాపు, ఆయాసం. ఆసుపత్రికి తీసుకుపోతామంటే, "సోమవారం పని అయిపోనీండప్పా, వస్తాను" అన్నారు. ఆ సోమవారం ఇంకా రాలేదు.

పని ఏమిటో తెలియాలంటే మా సందు సంగతి చెప్పాలి. లోపలికి పోయే దారే బయటికి వచ్చే దారి. చివర పాత గిడ్డంగి గోడ. యుద్ధం రోజుల్లో పనికోసం పల్లెల నుంచి వచ్చినవాళ్ళతో ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు చేరాయి. చెత్తబండి లోపలికి రాగలదు, తిరగలేదు. ఎద్దులను విప్పి బండిని తిప్పుదామంటే నొగ ఒకవైపు బెల్లం వ్యాపారి గోడమూలకు, రెండోవైపు టీచరమ్మ తిన్నెకు తగులుతుంది. అందుకని బండి సందు మొదట్లోనే ఆగిపోయేది. లోపలి చెత్తంతా చివరి గోడకింద పడేది. ఆ గోడవైపు ఉన్న కిటికీని టీచరమ్మ తెరవగా నేను చూడలేదు.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే, పుంగనూరులో. ఒక ఏడు అక్కడ ప్లేగు వచ్చి బడి మూతపడింది. ఊరంతా బయట పొలాల్లో పాకలు వేసుకుంది. ఆమె ఒక పాకలో మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. చెబుతూ, మధ్యలో ఊరివైపు చూసి, "రోగం నడుసుకుంటా రాలేదురా. మనమే కుప్పలేసి కూసోబెట్టినాం" అన్నారు. ఆమె భర్త పోయింది ఆ ఏడే. ఆ మాట ఆమె ఎన్నడూ పాఠంలోకి తేలేదు.

ఉద్యోగం విరమించి మదనపల్లె వచ్చాక ఆ తిన్నే ఆమె బడి. సాయంత్రం సందులోని పిల్లలందరూ అక్కడే. ఆమె మాత్రం ఒకసారి కూర్చుంటే ఎవరో ఒకరు చేయి ఇచ్చేదాకా లేచేవారు కాదు.

కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఎవరి చెత్త వాళ్ళు శుక్రవారం బుట్టల్లో సందు మొదటికి తెచ్చి బండిలో వేయాలని ఏర్పాటు చేశాడు. మొదటి శుక్రవారం టీచరమ్మ బుట్ట ఒక్కటే వచ్చింది. ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు.

"అయ్యా, శుక్రవారం చెత్త బయటికిస్తే ఇంట్లో లక్ష్మి పోతాదని వీళ్ళ భయం. నేను చర్చికి పోయేదాన్ని, నాకైతే శుక్రవారమైనా ఒకటే. బండిని గురువారం తోలించండి" అన్నారామె.

గురువారం బుట్టలు వచ్చాయి. అయితే ముసలివాళ్ళు, బాలింతలు అంతదూరం మోయలేకపోయారు. గోడకింద కుప్ప మళ్ళీ పెరిగింది. ఆమె బెల్లం వ్యాపారిని గోడమూల కొట్టించమని అడిగారు.

"నా గోడే కనబడిందా టీచరమ్మా? నీ తిన్నేమన్నా సింహాసనమా?"

"సింహాసనమే అప్పా. కూసుంటే లేయలేను సూడు."

ఇద్దరూ నవ్వారు. ఎవరూ కొట్టించలేదు. ఏళ్ళు గడిచాయి.

పోయిన ఎండాకాలం గోడకింద చచ్చిన ఎలుకలు కనబడ్డాయి. సందంతా మూటలు కట్టుకుంది. టీచరమ్మ కట్టుకోలేదు. "ఈ కాళ్ళతో నేను యాడికి పోయేది? మీరు పాకలకు పోతారు. నేనూ ఈ కుప్పా ఈడనే ఉంటాం" అన్నారు. ఆ గొంతులో తమాషా లేదు. ప్లేగు కాదని ఆసుపత్రివాళ్ళు తేల్చారు. మూటలు విప్పుకున్నారు. ఆమె మాత్రం ఇన్‌స్పెక్టరును పిలిపించి, "నా తిన్నె కొట్టేయండి" అన్నారు.

ఎంతమేర కొట్టాలో అతను ఆమె సుద్దముక్కతోనే గీత గీశాడు. ఆ రోజు నుంచి ఆమె తిన్నె కడిగిన ప్రతిసారీ, ఆరినాక, ఆ గీతను మళ్ళీ గీసేవారు. కాగితాలు కదిలి, కొట్టే పని ఈ వచ్చే సోమవారమని ఖాయమయ్యేసరికి నెలలు పట్టింది.

"యాల టీచరమ్మా, రోజూ ఈ పని?" అని ఒకసారి అడిగాను.

"చెరిగిపోతే నా మనసు మారుతుందేమోనప్పా" అన్నారు.

మంగళవారం సాయంత్రం సమాధుల తోటకు తీసుకుపోయేటప్పుడు శవపేటిక గుమ్మంలోంచి సందులోకి తిరగలేదు. ఒక కొస వ్యాపారి గోడమూలకు కొట్టుకుంది. ముందు మోస్తున్నది ఆయనే. "తిన్నె ఎక్కండప్పా, తిన్నె ఎక్కండి!" అని అరిచాడు. మోసేవాళ్ళంతా తిన్నె ఎక్కి, పేటికను తలలకంటే ఎత్తుగా లేపి తిప్పారు. తిరిగొచ్చాక గోడమీద పడిన గీరను ఆయన వేలితో తడిమి చూశాడు.

కుప్పం నుంచి ఆమె అక్క కొడుకు బుధవారం చేరాడు. ఇల్లు ఇప్పుడు అతనిది. బాడుగకు ఇస్తానన్నాడు. సోమవారం సంగతి చెప్పాను.

"తిన్నె లేని ఇల్లు ఎవురు తీసుకుంటారప్పా? మా చిన్నమ్మ నిజంగా ఒప్పుకొన్నిందా?"

"ఆమే అడిగింది."

అతను గిడ్డంగి గోడవైపు కిటికీ దగ్గరికి పోయి తెరిచాడు. వెంటనే మూశాడు. కాసేపటికి బయటికొచ్చి, "యాడిదాకా కొడతారు?" అన్నాడు.

చూపించబోతే గీత లేదు. మోసినవాళ్ళ కాళ్ళకింద చెరిగిపోయి, అక్కడక్కడ తెల్లటి ముక్కలు మిగిలాయి. అతను గూట్లోంచి సుద్దముక్క తీసి, వంగి, ఆ ముక్కలను ఒకదానితో ఒకటి కలిపాడు.

గడ్డపారలతో మనుషులు సోమవారం పొద్దున వస్తారు. బండి గురువారం వస్తుంది.