మూడుసార్లు తొలిపిన గాజు

ల్యాబ్‌లో అందరూ ఆవిడని సీసాలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అక్కడి గాజు గొట్టాలన్నీ కడిగింది ఆవిడే. సబ్బుతో తోమాక ఏడుసార్లు మంచినీళ్లతో తొలపాలి, ఒక్కటి తగ్గినా ఒప్పుకోదు. అలాంటిది కొత్తగా వచ్చిన పెద్దసారు, "పని తెమలడం లేదు, మూడు చాలు" అన్నాడు. "సబ్బు పోదు సార్" అంటే, "గిన్నెలు తోమడం నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాడు. నోరా అది! ఆ రోజు నుంచీ సీసాలక్క పళ్లు నూరుకుంటూ మూడుసార్లే తొలిపింది.

అక్కడ జరిగే పని చిన్నదేం కాదు. రోగాలతో పోరాడే యాంటీబాడీల్లో బరువు గొలుసులు, తేలిక గొలుసులు అని ప్రొటీన్ పోగులు ఉంటాయి. కొందరికి తేలిక గొలుసులు మితిమీరి తయారై, ముద్దకట్టి, గుండెలో పేరుకుంటాయి. వాటిని ముద్దకట్టకుండా ఆపే రసాయనం కోసమే ఈ తంటాలన్నీ. సీసాలక్క చెల్లెలిది సరిగ్గా ఆ జబ్బే. వారం వారం సూదిమందు, ఆ వెంటనే వాంతులు.

కొన్నాళ్లకి, తేలిక గొలుసులు పోసిన గొట్టాల్లో ఓ రసాయనం వేసినవి తేటగా నిలిచాయి. వేయనివి ముద్దకట్టి పాలలా తెల్లబడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సీసాలక్క ఆగలేక, "నీ మందు దొరికిందే!" అని చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ మాట పట్టుకుని చెల్లెలు సూదిమందే మానేసింది.

నెల తిరిగాక గొట్టాలు సర్దుతుంటే తెలిసింది. రసాయనం ప్లాస్టిక్‌కి అంటుకుంటుందని, అది వేసినవన్నీ గాజులో పెట్టారట. వేయనివి కొత్త ప్లాస్టిక్‌వి. ఆ గాజు గొట్టాలు తను మూడుసార్లే తొలిపినవి! కడిగిన గొట్టంలో కాసిని నీళ్లు పోసి ఆడించింది. నురగ!

తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లి గొట్టాలు బల్లమీద పెట్టింది. "వీటిలో సబ్బుంది సార్. మందు వెయ్యకుండా తేలిక గొలుసులు ఇందులో పోసి చూడండి."

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనే సార్ ఇది! మీరు పాడుచేసింది నా పనే!"

ఆ కేకకి పక్కగదుల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇక పెద్దసారుకి తప్పలేదు. మర్నాడు మధ్యాహ్నానికి తేలిపోయింది. మూడుసార్లు తొలిపిన గాజులో మందు లేకపోయినా తేటే. ఏడుసార్లు తొలిపిన గాజులో మందు వేసినా పాలే. ముద్దకట్టకుండా ఆపింది సబ్బు! పెద్దసారుని చెడామడా తిట్టాలని వచ్చిన సీసాలక్కకి చెల్లెలికి ఫోన్ చేసిన తన నోరే గుర్తొచ్చి, తనమీదే ఒళ్లు మండింది.

సాయంత్రం చెల్లెలి మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నువ్వే కదే దొరికిందన్నావ్!"

"అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. లే, రేపు సూది వేయించుకోవాలి."

"నేను రాను. నాకు ఆశ పెట్టమని నిన్నెవరడిగారు? ఈ సంగతి ఇంకో నాలుగు రోజులు ఆగి చెబితే నీ సొమ్మేం పోయింది?"

"నాలుగు రోజులాగితే నువ్వుండవే, మొద్దూ!"

చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. ఇక జన్మలో నీతో మాట్లాడనంది.

అయినా మర్నాడు పొద్దున్నే సీసాలక్క ఆమెని ఆస్పత్రికి లాక్కెళ్లింది. సూది గుచ్చుతున్నంతసేపూ చెల్లెలు మొహం గోడవైపే పెట్టుకుంది. సీసాలక్క ఆమె చెయ్యి వదల్లేదు. "మాట్లాడకు తల్లీ. ఇంకో ఇరవై ఏళ్లు మాట్లాడకు."