ఎర్రకారుకు చేతులు అతికించిన కత్తెరక్క

కత్తెరక్క పాత బట్టను చూసి మనిషిని చెప్పేది. ఎవరైనా చొక్కా తెచ్చి ముందు పడేస్తే చాలు, అటూ ఇటూ తిప్పి, "మీ ఆయన సంచీ ఎడమ భుజానికే తగిలించుకుంటాడు కదూ? అక్కడ అరిగిపోయింది" అనేది. "మీ అమ్మాయి రాసేటప్పుడు మోచెయ్యి బల్లకానిస్తుంది, అక్కడ మాసిక వేస్తాలే" అనేది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ వీధివాళ్ళ పొట్టలు పెరగడం, తగ్గడం, భుజాలు వాలడం అన్నీ ముందు ఆమెకే తెలిసేవి. ఒకరి కొలత ఇంకొకరి చెవిన వేసిన పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు. అందుకే గుమ్మం ముందు ఎప్పుడూ నాలుగు జతల చెప్పులుండేవి.

ఇంత పనున్న మనిషికి, గుడ్డ పరిచి కత్తిరించుకునే చోటు మాత్రం లేదు.

చోటు లేక కాదు. గేటు పక్కనే, వీధిలోకి వెడల్పాటి తలుపులున్న గది ఒకటుంది. రెండు కిటికీలు, మంచి వెలుతురు. అందులో ఆమె భర్త ఎర్రకారు పడుకుని ఉండేది.

ఆయన రైలు స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తాగా పనిచేశాడు. కిటికీ వెనక కూర్చుని ఊరందరినీ ఊళ్ళకు పంపడమే గానీ తాను కదిలింది లేదు. రిటైరైన మర్నాడే ఎక్కడో వెతికి ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చాడు. పాతదే. నేలకు నక్కి కూర్చున్న పిల్లిలా ఉండేది. ఎక్కాలంటే నడుం మడవాలి, దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. కొన్నాళ్ళు వీధి అదిరేలా తిరిగింది. తర్వాత దానికి దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత మంచమే పట్టింది. రెండేళ్ళుగా ఆయన రోజూ పొద్దున్నే దాని దుమ్ము తుడిచి, లోపల కూర్చుని, స్టీరింగు పట్టుకుని కాఫీ తాగి దిగేవాడు. అదే ఆయన ప్రయాణం.

కత్తెరక్కేమో అన్నాల బల్ల మీద గుడ్డ కత్తిరించేది. తినేవేళకు అంతా మడిచి తీసేది, తిన్నాక తుడిచి మళ్ళీ పరిచేది. ఎలాగో సర్దుకుపోతుండగా, ఒక హోటలువాళ్ళు నలభై కిటికీలకు పరదాలు కుట్టమన్నారు. ఒక్కో పరదా మనిషిన్నర పొడుగు. సగం బల్ల మీద ఉంటే సగం కుర్చీల మీదా, నేల మీదా. మోకాళ్ళ మీద పాకుతూ మూడు పరదాలు కత్తిరించేసరికి ఆమెకు నడుం పట్టేసింది. గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట తేల్చేసింది.

"ఏమండీ, ఈ ఇంట్లో ఆ కారన్నా ఉండాలి, నా బల్లన్నా ఉండాలి."

"మధ్యలో నేనెక్కడుండాలే?"

"మీకేం, మీ కాపురం కార్లోనేగా!"

భోజనానికొచ్చిన ఆమె తమ్ముడు పొలమారేలా నవ్వాడు. అతను మెకానిక్కు. లేచి వెళ్ళి కారు బానెట్టు ఎత్తి చూసొచ్చాడు. "బావా, స్పార్క్ ప్లగ్గులు నాలుగూ మాడిపోయాయి. అంతకుమించి రోగమేం లేదు. నా షెడ్డులో పడేయ్, తీరిగ్గా చూస్తా."

"నీ షెడ్డుకెళ్ళిన బండి తిరిగొచ్చిందేదిరా? నేనే మారుస్తా. నాలుగు ప్లగ్గులు బిగించడం చాతకాదా నాకు?"

అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. ఆదివారం సాయంత్రం అయిదింటిలోగా కారు నడిస్తే, దాన్ని తీసుకుపొమ్మని కత్తెరక్క మళ్ళీ అనకూడదు. నడవకపోతే తమ్ముడు తాడు కట్టి లాక్కుపోతాడు, గది ఆమెది. తమ్ముడు మంచివాడు కాబట్టి కొత్త ప్లగ్గులిచ్చాడు, బ్యాటరీకి ఛార్జి పెట్టాడు. "ముందు వేళ్ళతో తిప్పు బావా. వేళ్ళకు తిరక్కపోతే బయటికి తీసి మళ్ళీ పెట్టు. మొదటే పానా వేశావో, మరలు చెడతాయి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆదివారం ఆయన పొద్దున్నే చొక్కా చేతులు మడిచి దిగాడు. ఒక్కో ప్లగ్గుకూ కరెంటు తెచ్చే నల్లటి వైరొకటి ఉంటుంది. ఏ వైరు ఏ ప్లగ్గుదో దానికే వెళ్ళాలి, రెండో కొసను కరెంటు పంచే మూతలో దాని బొక్కలోనే గుచ్చాలి. అది ఆయనకు తెలుసు. అందుకే టికెట్ల సైజులో నాలుగు చీటీలు కత్తిరించి, అంకెలు వేసి, జిగురుతో వైర్లకు అంటించి, అప్పుడు ఊడదీశాడు. పాత ప్లగ్గులు తీశాడు. కొత్తవి వేళ్ళతో తిప్పి, చివర్న పానాతో బిగించాడు. పన్నెండయ్యేసరికి ఈల వేస్తున్నాడు.

లోపల పరదా మడతపెడుతున్న కత్తెరక్కకు ఆ ఈల వింటూంటే ప్రాణం ఉసూరుమంది.

కానీ మురికంటే ఆయనకు పడదు. వైర్లు జిడ్డోడుతున్నాయి. కొత్త ప్లగ్గులకు ఈ మురికి వైర్లా అనుకుని, నాలుగింటినీ బకెట్టులో సబ్బునీళ్ళలో నానేసి భోజనానికొచ్చాడు. తిని వెళ్ళేసరికి వైర్లు అడుగున మెరుస్తున్నాయి. చీటీలు పైన తేలుతున్నాయి.

ఈల ఆగిపోయింది.

వైర్లు బాగా ఆరబెట్టి, తోచినట్టు గుచ్చి స్టార్టు చేశాడు. కారు ఒక్క దగ్గు దగ్గి, వెనకనుంచి ఢామ్మని పేలింది. ప్రహరీ మీదుగా పక్కింటి మామ్మ తల లేచింది.

"ఏంట్రా అబ్బాయ్, యుద్ధమా?"

"లేదండీ, ప్లగ్గులు మారుస్తున్నా."

"మార్చకముందు నిశ్శబ్దంగానే ఉండేదిగా, పాపం!"

ఇంకోలా గుచ్చాడు. మూలిగింది. మరోలా గుచ్చాడు. ఈసారి రెండుసార్లు పేలింది. అటు నాలుగు కొసలు, ఇటు నాలుగు కొసలు. ఒకటి సరిచేస్తే ఇంకో రకం తప్పు వస్తోంది. నాలుగయ్యింది. నాలుగున్నర అయ్యింది. కత్తెరక్క పరదా మీద సుద్దతో గీత గీసింది. వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీసింది. మళ్ళీ వంకరే. అరగంట నోరు మూసుకు కూర్చుంటే గది ఆమెది. అంతే, ఇంకేం చేయక్కర్లేదు.

కిటికీలోంచి చూసింది. ఆయన బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. ఒళ్ళో నాలుగు వైర్లున్నాయి. ఎవరినీ తిట్టడం లేదు. ఆయన తిట్టకుండా కూర్చున్నాడంటే ఆమెకు భయం.

"ఖర్మ!" అనుకుంటూ లేచి కారు గదిలోకి వచ్చింది. "ఇలా తెండి అవి."

"నీకేం తెలుసే వైర్ల సంగతి?"

"ఏళ్ళ తరబడి ఒక్క చోట పడున్నవేగా? తెండి."

వైర్లను అక్కడే నేల మీద విడివిడిగా వదిలింది. లాగలేదు, సర్దలేదు. గుడ్డనైనా అంతే, వదిలేస్తే తన అలవాటు ప్రకారం పడుతుంది. నాలుగు వైర్లూ నాలుగు రకాలుగా వంకర తిరిగాయి. ఆమె చూపు వాటి మీదా, బానెట్టు కిందా రెండుసార్లు తిరిగింది.

"ఇది పొడుగుది, దీనికి నడుం దగ్గర మడత. ఆ గొట్టం మీదుగా వెళ్ళేది ఇదే, ఒకవైపు వేడికి గట్టిపడింది చూడండి. చివరి ప్లగ్గుకు పెట్టండి. ఈ పొట్టిది మొదటిది. ఈ రెండున్నాయే..."

"అవి రెండూ ఒక్కటే పొడుగే. అక్కడే చచ్చిపోతున్నా!"

"పొడుగు ఒకటే, తిరుగుడు వేరు. ఇది కుడి చెయ్యి, అది ఎడమ చెయ్యి. మీరు చొక్కాకు చేతులు మార్చి కుట్టారు, అది చంకలో పట్టేసి కేకలు పెడుతోంది."

మూత దగ్గర కూడా, ఏ కొస ఏ బొక్కలోకి మెలి తిరక్కుండా వెళ్తుందో ఆమే చూపించింది. ఆయన ఆమె చెప్పినట్టే గుచ్చాడు. లోపల కూర్చున్నాడు. తాళం తిప్పేముందు ఆమెకేసి చూశాడు.

"నువ్వు ఊరుకునుంటే..."

"తిప్పండి ముందు."

కారు గుర్రుమంది. దగ్గలేదు, పేలలేదు. గది అద్దాలు సన్నగా వణికాయి. మామ్మ ప్రహరీ మీంచి చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే తాడు భుజాన వేసుకుని తమ్ముడొచ్చాడు. బావ కేకేశాడు: "తాడు అక్కడ పడేసి ఎక్కరా! నీకు వీధి చూపిస్తా!" పొడుగాటి తమ్ముడు నాలుగు మడతలై లోపల దూరాడు. ఎర్రకారు రెండేళ్ళ తర్వాత గేటు దాటి వెళ్ళిపోయింది.

కత్తెరక్క గుమ్మంలో నిలబడి ఖాళీ గదిని చూసింది. మధ్యలో ఓ నూనె మరక తప్ప ఏమీ లేదు. సాయంత్రపు ఎండ రెండు కిటికీల్లోంచీ నేల మీద పడుతోంది.

వాళ్ళు నాలుగు వీధులు తిరిగొచ్చేసరికి అన్నాల బల్ల సగం ఆ గదిలో, సగం గుమ్మంలో ఇరుక్కుని ఉంది. ఆమె అవతల నుంచి తోస్తోంది, ముఖం కందగడ్డలా ఉంది.

"ఇదేంటే? తీసుకుపొమ్మని అననని ఒప్పుకున్నావుగా!"

"అన్నానా? ఎక్కడికీ తీసుకుపోవద్దు, అలా గేటు ముందు నిలబెట్టండి. ఇన్నాళ్ళూ జబ్బు చేసి పడుందని గదిచ్చాను. నడిచేవాళ్ళకు పడకగదెందుకు?"

ఆయన తమ్ముడికేసి చూశాడు. తమ్ముడు ఆకాశంకేసి చూశాడు.

"వానొస్తేనో?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"తడవని గుడ్డతో దానికో కోటు కుడతాలెండి, చేతులు లేకుండా. చూస్తారేం? ఒకరు ఆ కాలు పట్టుకోండి, ఒకరు ఈ కాలు."

ఆయన మడిచిన చొక్కా చేతులు ఇంకా విప్పనే లేదు. కారు తాళం జేబులో వేసుకుని, బల్ల ఒక కొస ఎత్తాడు.

"నెమ్మదిగా," అంది కత్తెరక్క. "కిటికీ పక్కకి."