ఆకుపచ్చ అక్షరాలూ, నా ఎర్రటి కళ్ళూ

ఆ రోజుల్లో పంతం పట్టడానికి మాకు పెద్ద కారణం అక్కర్లేదు, ఎవరైనా “నీ వల్ల కాదు” అంటే చాలు. ఎనభైల చివర్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, విశాఖ పోర్టు దగ్గర ఓడల సరుకుల జాబితాలు తయారుచేసే చిన్న ఆఫీసులో టైపిస్టుగా ఉండేదాన్ని. కాగితం మీద తప్పు పట్టడంలో నాకు సాటి లేరని పేరు (ఆ పేరు పెట్టుకున్నదీ నేనే లెండి). ఒకరోజు మాకు కంప్యూటరు వచ్చింది. దానికో ఏసీ గది, గుమ్మం బయట చెప్పులు విడిచే చోటు, లోపల నల్లటి తెర మీద వణికే ఆకుపచ్చ అక్షరాలు. ఎవరు నేర్చుకుంటారని మేనేజరుగారు అడగ్గానే చెయ్యెత్తాను. నేను బాబాయ్ అని పిలిచే పెద్ద గుమాస్తా నవ్వాడు.

“నీ వల్ల కాదమ్మా. నెల తిరక్కముందే కళ్ళు మండి టైపు మిషను కాడికే వచ్చేత్తావ్, సూడు.”

నెల కాదు, ఏడాదైనా ఆ కంప్యూటరు ముందునుంచి లేవనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

కాగితం పొద్దస్తమానం చదివినా అలవని కళ్ళు, తెర ముందు గంట కూర్చుంటే ఇసుక పోసినట్టు గరగరలాడేవి. ఆ ఆకుపచ్చని చూసి చూసి తలెత్తితే తెల్లగోడ గులాబీరంగులో కనబడేది. పదో రోజుకి ఎర్రబడి ధారగా నీళ్ళు. ఆఫీసులో ఏసీ గాలి అని బుకాయించాను. ఇంట్లో అమ్మ ఊరుకోలేదు.

“ఏటే అలగేడుత్తన్నావ్? ఎవులేటన్నారే?”

“ఏటీ లేదమ్మా.”

నిజం చెబితే మర్నాడే ఉద్యోగం మాన్పించేస్తుంది మరి. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ నన్ను పాస్టరుగారి ముందు నిలబెట్టి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, చర్చి అంతా వినబడేలా, “ప్రభువా, ఈ బిడ్డ మనసు విరిచిన ఆ యువకుణ్ణి క్షమించు” అని ప్రార్థించారు. యువకుడెవడూ లేడంటే కంప్యూటరు సంగతి బయటపడుతుంది. కళ్ళు గట్టిగా మూసుకుని (ఎంత హాయిగా ఉందో!) “ఆమెన్” అన్నాను.

సోమవారం, నేను తెర మీద మూడుసార్లు సరిచూసి అచ్చు తీసిన జాబితాని బాబాయ్ ఒక్కసారి చూశాడు.

“మోటార్ల పెట్టెలు ఎనిమిది కదేటి? మూడని కొట్టినావ్.”

ఆ జాబితా అలాగే వెళ్ళుంటే అయిదు పెట్టెలు ఒడ్డునే ఉండిపోయేవి. “మేనేజరుకి నాను సెప్పన్లే,” అన్నాడాయన మెల్లగా. ఎగతాళి చేసినా ఓర్చుకునేదాన్ని, ఆ జాలి మాత్రం భరించలేకపోయాను. నేనే వెళ్ళి తప్పూ, కళ్ళూ అన్నీ చెప్పేశాను.

“అయితే టైపు మిషనుకి వెళ్ళిపోతావా?” అన్నారు మేనేజరుగారు.

“వెళ్ళనండి. కొట్టేది కంప్యూటర్లోనే. సరిచూసేది మాత్రం అచ్చు తీసి కాగితం మీద.”

“కాగితం ఆదా అవుతుందనే కదమ్మా ఇది కొన్నది?”

“కాగితం మళ్ళీ తెప్పించుకోవచ్చండీ. కళ్ళు తెప్పించలేం కదా.”

ఆయన సరేనన్నారు. ఏడాదంతా నేను కొట్టాను, ఎర్ర పెన్సిలుతో బాబాయ్ సరిచూశాడు.

ఇంట్లోనూ నిజం చెప్పేశాను. “మరి పాస్టరుగారు ఎవుల్ని సెమించమన్నట్టే?” అని అమ్మ నిలదీసింది.

కళ్ళు నొప్పెడుతున్నాయని ఒప్పుకోవడం కన్నా, లేని ప్రేమ విఫలమైందని ఒప్పుకోవడమే ఇరవై రెండేళ్ళ ఆ పిల్లకి, అంటే అప్పటి నాకు, తేలికనిపించింది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం దిగులుగానూ ఉంటుంది. నిజంగా మనసిచ్చే కుర్రాడొకడు ఆ వీధిలోనే తిరిగాడేమో, తెర మీంచి తలెత్తి చూసే తీరిక ఆ పిల్లకి ఉంటేగా!