విషం పీకిన ఇన్‌స్పెక్టరు

ఇంగ్లీషు సినిమాకు తెలుగులో అర్థం చెప్పి, ఒక్క మధ్యాహ్నం ఆటలో నా పెళ్లిని దాదాపు చెడగొట్టుకున్నాను. లగ్నం పెట్టకముందే చెడగొట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి బి.ఏ. చదవాలి.

మాది ఎమ్మిగనూరు. ఆదోనిలో పత్తి వ్యాపారి రుద్రప్పగారి కూతురు పార్వతిని చూసి వచ్చాం. నాకు నచ్చింది. ఆ వారమంతా కూరలో ఉప్పుందో లేదో తెలియనంతగా నచ్చింది. రుద్రప్పగారు మాత్రం దూది కాస్త పీకి, పింజ పోగు ఎంత పొడవుందో చూడందే ఏ బేరమూ ఒప్పుకోరు. నా బి.ఏ.నీ అలాగే పీకి చూడదలచారు.

"ఊర్లో ఇంగ్లీషు సినిమా ఆడతాందప్పా. మా అమ్మ, పాప గూడా వస్తారు. పక్కన కూర్చోని కత సెప్పల్ల."

నాకు పుస్తకంలో ఇంగ్లీషు వచ్చు. తెరమీద దొరలు ఉడికిన గెణుసుగడ్డ నోట్లో పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. దొంగలు బ్యాంకు దోచి పాత కోటలో దాక్కునేదాకా బాగానే అర్థమైంది. అందులో మాటలు లేవు. అప్పుడు నల్లంగీ ఆయనొకడు మెట్లు దిగాడు.

"ఆయప్ప ఎవరు?" పక్కనున్న రుద్రప్పగారు అడిగారు.

"ఇన్‌స్పెక్టరు. మారువేషంలో వచ్చినాడు."

దొంగల కథలో ఇంకెవరొస్తారు, మీరే చెప్పండి? నా మాట విన్న వరుసలన్నీ చప్పట్లు కొట్టాయి. ఇంతలో ఇన్‌స్పెక్టరు ఒక దొరసాని మెడమీదికి వంగాడు. వెనక వరుసలో పార్వతి, వాళ్లవ్వ ఉన్నారు. నా చెవులు కాలిపోయాయి.

"ఏం జేస్తాండాడప్పా?" రుద్రప్పగారి గొంతు మారింది.

"పాము కరిచింది. విషం పీకుతాండాడు."

"నా తండ్రే! పరాయి పిల్లకోసం పాణానికి తెగించినాడు సూడు!" అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ కోటలో పాముల బెడద ఎక్కువని తేలింది. దొంగలను వరసగా కరిచాయి. ఇన్‌స్పెక్టరు ఎవరినీ వదలకుండా విషం తీశాడు.

"దొంగలను గూడా బతికిస్తాండాడు, దేవుడప్పా!" అన్నారు నేల టికెట్టువాళ్లు.

చివర్లో ఒక కుర్రవాడొచ్చి, పెట్టెలో పడుకున్న ఇన్‌స్పెక్టరు గుండెలో కొయ్యమేకు దిగగొట్టాడు. ఇన్‌స్పెక్టరు అక్కడికక్కడే బూడిదయ్యాడు.

"అయ్యయ్యో, ఎందుకు సంపినాడు?" అవ్వ లేచి నిలబడింది.

"పెట్టెలో ఎందుకు పండుకున్నాడు?" అన్నారు రుద్రప్పగారు.

"డ్యూటీ ఎక్కువై."

"బూడిద ఎట్లాయె?"

మా కాలేజీలో ఆ పాఠం చెప్పలేదు. రుద్రప్పగారు పత్తి బస్తాలో రాయి దొరికినట్టు నన్ను చూశారు. సంబంధం పోయింది, పార్వతి పోయింది అనుకున్నాను.

బయటికొచ్చాక మొదటిసారి ఆమె గొంతు విన్నాను.

"నాయనా, ఆయప్ప నెత్తురు తాగే పిశాచి. కోరలు సూడలేదా?"

"తెలిసీ సెప్పలేదేమే? ఈయప్పకు ఇంగ్లీషు రాదు గదమ్మా!"

"రాకుంటే పాయె. పిశాచిలో గూడా మంచోన్ని సూసినాడు. నా వంటకు ఏమంటాడో అని ఉన్న దిగులు తీరింది."

రుద్రప్పగారు నన్ను కిందికీ పైకీ చూసి తీర్పు చెప్పారు:

"పింజ పొట్టిదే. దూది మాత్రం తెల్లగుంది."

అవ్వ మాత్రం కోరల మాట నమ్మలేదు. పెళ్లైన వెంటనే మమ్మల్ని ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయి, ఇన్‌స్పెక్టరు ఆత్మశాంతికి నాచేత టెంకాయ కొట్టించింది. ఈరన్న ఎదుట, పగిలిన టెంకాయ సాక్షిగా ప్రమాణం చేశాను: తెరమీద ఎవరు ఎవరి మెడమీదికి వంగినా ఇక నేను నోరు విప్పను, పార్వతిని అడుగుతాను.